కలుపు తీయడం తేలిక పనా?

బైరెడ్డిపల్లె చుట్టుపక్కల టమోటా కోతల కాలంలో ఏ తోట గట్టు మీద నిలబడినా ఒక దృశ్యం కనిపిస్తుంది. నడుం వంచి కాయలు కోసేది ఆడవాళ్ళు. బాక్సులు మోసి బండికెత్తేది మగవాళ్ళు. సాయంత్రం చేతికొచ్చే డబ్బు మాత్రం మగకూలి వేరు, ఆడకూలి వేరు. ఎందుకలా అంటే, "వాళ్ళ పని వేరు, వీళ్ళ పని వేరు కదమ్మా" అంటాడు రైతు. సమాన వేతనం గురించి ఎన్నేళ్ళుగా మాట్లాడుతున్నా మనం తట్టుకుని పడేది ఈ మాట దగ్గరే.

రైతును అనేం లాభం, చట్టం కూడా దాదాపు అదే మాట అంటోంది. 1975లో, అంతర్జాతీయ మహిళా సంవత్సరంలో, ఆర్డినెన్సుగా వచ్చి 1976లో చట్టమైన సమాన వేతన చట్టం "ఒకే పనికి లేదా ఒకే స్వభావం ఉన్న పనికి" సమాన వేతనం ఇవ్వాలంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1951లో చేసిన ఒడంబడికలో ఉన్నది "సమాన విలువ గల పని" అనే మాట. మన దేశం ఆ ఒడంబడికను 1958లోనే ఆమోదించింది. ప్రపంచం ముందు సంతకం పెట్టింది ఒక మాటకు, ఇంట్లో చట్టం రాసుకున్నది మరో మాటతో! పాత చట్టాన్ని కలిపేసుకున్న 2019 నాటి వేతనాల స్మృతిలోనూ ఆ చిన్న మాటే మిగిలింది.

ఆ మాట తేడా ఎంతటిదో బ్రిటన్ స్త్రీలను అడగాలి. 1968లో డాగెన్‌హామ్‌లోని ఫోర్డు కార్ల ఫ్యాక్టరీలో సీట్ల కవర్లు కుట్టే స్త్రీలు సమ్మె చేశారు. వాళ్ళ కుట్టుపనిని యాజమాన్యం తక్కువ నైపుణ్యం ఉన్న పనిగా లెక్కగట్టింది. (కుట్టు నేర్చుకున్న వాళ్ళెవరైనా ఈ మాట విని నవ్వకుండా ఉండగలరా?) సమ్మెతో వాళ్ళ కూలి మగవాళ్ళ కూలిలో 92 శాతానికి పెరిగింది. 1970లో సమాన వేతన చట్టమూ వచ్చింది. కానీ తమది నైపుణ్యం ఉన్న పని అని ఒప్పించడానికి ఆ స్త్రీలు మళ్ళీ సమ్మె చేయవలసి వచ్చింది. అప్పటికి 1984 వచ్చేసింది.

మన దగ్గర 1987లో సుప్రీంకోర్టు ఆడ్రీ డికోస్టా కేసులో మంచి తీర్పే ఇచ్చింది. స్టెనోగ్రాఫర్ల పనిలో చిన్న చిన్న తేడాలు చూపి స్త్రీల జీతం తగ్గించకూడదంది. అయితే ఆమె ఆ ఉద్యోగం పోయాక కోర్టుకెక్కింది. రేపు అదే తోటలో కూలికి పోవలసిన మనిషి అంత దూరం వెళ్ళగలదా?

ఐస్‌లాండ్‌లో 1975 అక్టోబరు 24న నూటికి తొంభైమంది స్త్రీలు ఇంటి పనీ బయటి పనీ ఆపేశారు. ఆ దేశంలో 2018లో వచ్చిన చట్టం, పాతికమంది, అంతకు మించి పనివాళ్ళున్న సంస్థలు తాము సమానంగా జీతాలిస్తున్నామని తామే రుజువు చేసుకోవాలంది. ఫిర్యాదు చేసే భారం ఆడమనిషి మీద నుంచి దిగింది. తేడా పూర్తిగా పోలేదు, 2023లో మళ్ళీ సమ్మె చేశారు. అయినా ఎవరు రుజువు చేయాలన్న ప్రశ్న తలకిందులైంది.

ఇది మనకు కొత్తేమీ కాదు. 73వ రాజ్యాంగ సవరణ తర్వాత పంచాయతీల్లో మహిళా స్థానాలు ఎవరి అర్జీతోనూ నిమిత్తం లేకుండానే వచ్చాయి. 2006లో చిత్తూరు జిల్లాలో ఉపాధి హామీ పనులు మొదలైనప్పుడూ మట్టి కొలతకే కూలి కట్టారు కానీ తవ్వింది ఆడా మగా అని చూడలేదు. ప్రభుత్వం తలచుకుంటే ముందే నియమం పెట్టగలదనే కదా దీనర్థం! మరి తోటలో, పట్టు పురుగుల షెడ్డులో, ఇటుక బట్టీలో ఎందుకు పెట్టదు?

కనీస వేతనాల పట్టికలు మళ్ళీ సవరించేటప్పుడు కలుపు తీయడం, కాయలు కోయడం, పురుగులకు ఆకు వేయడం "తేలిక పని" గడిలో పడకుండా చూడమని అడగాలి. వట్టి నినాదంతో అడగలేం, లెక్కలు కావాలి. మీ మండలంలో ఏ పని ఎవరు చేస్తున్నారు, ఎన్ని గంటలు, ఎంత కూలి అన్నది రాసి వచ్చే సంచికకు పంపండి. సరిహద్దు దాటి కర్ణాటకకో తమిళనాడుకో కూలికి పోయేవాళ్ళుంటే అక్కడి రేట్లు కూడా రాయండి. పనుల పేర్లు మాత్రం మీ ఊళ్ళో పిలిచే మాటల్లోనే ఉండనివ్వండి.