కారు సరే... ప్లగ్గెక్కడ?

ఎలక్ట్రిక్ కారు మాటెత్తితే చాలు, ముందు వచ్చే ప్రశ్న "ఒక్కసారి చార్జి చేస్తే ఎంత దూరం పోతుంది?" అని. అడిగేది ఎక్కువగా మగవాళ్ళే. హైదరాబాదు నుంచి విజయవాడ సుమారు 270 కిలోమీటర్లు, ఆగకుండా పోతుందా అని వాళ్ళ బెంగ. సంక్రాంతికో, పెళ్ళికో ఏడాదికి రెండుసార్లు వెళ్ళే ఊరది! మిగతా రోజుల్లో కారు చేసే పనేమిటి? పిల్లల్ని స్కూల్లో దింపడం, రైతుబజారు, బ్యాంకు, అత్తగారి కంటి డాక్టరు, సాయంత్రం ట్యూషను. మన తిరుగుడు ఎంత తిరిగినా రోజుకు పాతిక కిలోమీటర్లు దాటదు.

ఆ లెక్కన చిన్న ఎలక్ట్రిక్ కారు మనకోసమే చేసినట్టుంటుంది. 2022లో టాటా టియాగో ఈవీ 8.49 లక్షల ప్రారంభ ధరతో, 2023లో ఎంజీ కామెట్ 7.98 లక్షలతో వచ్చాయి. టియాగో చిన్న బ్యాటరీకి కంపెనీ 250 కిలోమీటర్లు చెప్పింది. ఏసీ వేసుకుని ట్రాఫిక్కులో తిరిగితే నూటయాభై వస్తే గొప్ప. అయినా మనకు దాదాపు వారానికి సరిపోతుంది కదా!

మా ఇంటికీ ఇలాంటి చిన్న కారొకటి వచ్చి ఏడాదిన్నరయింది. క్లచ్చు లేదు, ఎడమకాలికి హాయి. ఖర్చంటారా? నెలకు 500 కిలోమీటర్లు తిరిగితే 70 యూనిట్లు. యూనిట్ 9 రూపాయలనుకున్నా 630. లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే పెట్రోలు కారైతే, లీటరు 105 లెక్కన 3,500. అయితే ఒక్క మాట. కరెంటు బిల్లు శ్లాబుల్లో వస్తుంది. ఈ 70 యూనిట్లూ ఫ్రిజ్జు, ఏసీ వాడకం మీద ఎక్కి కూర్చుంటాయి. అందుకే నేను 9 వేశాను. షోరూమువాళ్ళు మాత్రం అడుగు శ్లాబు రేటుతో లెక్క కట్టి చూపిస్తారు!

ధర తగ్గించడానికి ప్రభుత్వాలూ సాయపడ్డాయి. 2019లో కేంద్రం జీఎస్టీని 12 నుంచి 5 శాతానికి తగ్గించింది. తెలంగాణ 2024 నవంబరులో రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను ఫీజు ఎత్తేసింది, 2026 డిసెంబరు 31 వరకని గడువు పెట్టి. మరి ప్లగ్గు సంగతి?

ఇంటి కనెక్షనుతోనే కారు చార్జి చేసుకోవచ్చని 2022 జనవరిలో కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలిచ్చింది. ఆ ముక్క అపార్ట్‌మెంటు సంఘానికి చెప్పి చూడండి! "మీ కారుకు మేమెందుకు బిల్లు కట్టాలి?" "నిప్పంటుకుంటే?" అని మొదలవుతుంది. 2022లో ఎలక్ట్రిక్ స్కూటర్లు తగలబడ్డ వార్తలు చదివినవాళ్ళ భయాన్ని కొట్టిపారెయ్యలేం. కానీ దారి లేకపోలేదు. చాలా అపార్ట్‌మెంట్లలో అన్ని ఫ్లాట్ల మీటర్లూ సెల్లారులోనే ఉంటాయి. మన మీటరు నుంచి మన పార్కింగు దాకా సరైన వైరు, ఎర్తింగు, విడిగా ఒక ఎంసీబీ, 15 ఆంపియర్ల ప్లగ్గు. బిల్లు మనదే, బాధ్యతా మనదే. మా సంఘాన్ని ఇందుకు ఒప్పించడానికి నాలుగు నెలలు పట్టింది.

నాకు సొంత ఫ్లాటుంది కాబట్టి అడగగలిగాను. అద్దెకుండేవాళ్ళు గోడకు మేకు కొట్టాలన్నా ఓనరును అడగాలి. పార్కింగే లేని పాత ఇళ్ళవాళ్ళు వీధిలో నిలిపిన కారుకు బాల్కనీ నుంచి వైరు వేలాడదీస్తారా? ఇక బయట చార్జింగు స్టేషనే గతి. అక్కడ యూనిట్ రేటు ఇంటి రేటుకంటే ఎక్కువ. ఫాస్ట్ చార్జరైనా గంటసేపు కూర్చోవాలి. పెట్రోలు బంకులో కనీసం నలుగురు మనుషులుంటారు, బాత్‌రూముంటుంది. ఈ చార్జర్లు చాలాచోట్ల ఏ పార్కింగు మూలనో, మనిషి జాడ లేకుండా ఉంటాయి. రాత్రి ఎనిమిది దాటాక ఒక ఆడమనిషి పిల్లనొళ్ళో పెట్టుకుని అక్కడ గంటసేపు ఎలా కూర్చుంటుంది? చార్జర్లు ఎన్ని పెట్టారో గొప్పగా చెబుతారు. దీపం ఉందా, కాపలా ఉందా అని ఎవరూ లెక్క చెప్పరు.

మా మూడో అంతస్తులో అద్దెకున్నావిడ టీచరు. రోజూ రానూపోనూ ముప్ఫై కిలోమీటర్లు స్కూటీ మీద తిరుగుతుంది. కారుకు డబ్బు కూడబెట్టుకుంది. ఓనరు అమెరికాలో ఉన్నాడు, మెయిలుకు జవాబు లేదు. మా సంఘం సమావేశంలో అద్దెవాళ్ళకు మాట్లాడే హక్కు లేదు. వచ్చే నెల సమావేశంలో ఆవిడ కాగితం నేనే చదువుతానన్నాను.