ఓటు ఉంది, విలువ ఏది?

1946 జూలై 17న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో గవర్నర్ పదవికి డెమొక్రటిక్ పార్టీ అభ్యర్థిని ఓటర్లు ఎన్నుకున్నారు. జేమ్స్ కార్మైకేల్‌కు 3,13,389 ఓట్లు వచ్చాయి. యూజీన్ టాల్మడ్జ్‌కు 2,97,245 ఓట్లు వచ్చాయి. పదహారు వేల పైచిలుకు ఆధిక్యం ఎవరిదో చూస్తూనే తెలుస్తుంది. అయినా విజేతగా ప్రకటితుడైనవాడు టాల్మడ్జ్. ఇందుకోసం ఎవరూ బ్యాలెట్ పెట్టెలు ఎత్తుకుపోనక్కర్లేకపోయింది. ఆ పని చట్టమే చేసిపెట్టింది.

అక్కడి గవర్నర్ మన గవర్నర్ వంటివాడు కాడు. ప్రజలు నేరుగా ఎన్నుకునే ముఖ్యమంత్రి అనుకోవచ్చు. ఆనాటి జార్జియాలో రిపబ్లికన్ పార్టీ నామమాత్రంగా ఉండేది. అందువల్ల డెమొక్రటిక్ పార్టీ అంతర్గత ఎన్నికలో, అంటే ప్రైమరీలో, నెగ్గినవాడే గవర్నర్. నవంబర్‌లో జరిగే సాధారణ ఎన్నిక లాంఛనం మాత్రమే.

ఆ ప్రైమరీ ఓట్లను లెక్కించే పద్ధతిని 1917లో ఒక చట్టంగా రాసుకున్నారు. రాష్ట్రంలో 159 కౌంటీలు ఉన్నాయి. జనాభాలో పెద్దవైన ఎనిమిదింటికి తలా ఆరు యూనిట్లు, తరువాతి ముప్ఫయికి తలా నాలుగు, మిగిలిన 121 చిన్న కౌంటీలకు తలా రెండు. మొత్తం 410. ఒక కౌంటీలో ఎవరికి ఎక్కువ ఓట్లు వస్తే ఆ కౌంటీ యూనిట్లన్నీ వారికే. మనుషుల ఓట్లను పక్కనపెట్టి యూనిట్లను కూడితే టాల్మడ్జ్‌కు 242, కార్మైకేల్‌కు 146, మూడో అభ్యర్థి రివర్స్‌కు 22 వచ్చాయి. తరువాతి కాలంలో సుప్రీంకోర్టు ఈ పద్ధతిని విచారించినప్పుడు 1960 జనాభా లెక్కలను ముందుపెట్టుకుంది. అట్లాంటా నగరం ఉన్న ఫుల్టన్ కౌంటీలో 5,56,326 మందికి ఆరు యూనిట్లు; ఎకోల్స్ అనే అతి చిన్న కౌంటీలో 1,876 మందికి రెండు యూనిట్లు. ఒక్కో యూనిట్‌కు అక్కడ 92,721 మంది, ఇక్కడ 938 మంది. ఎకోల్స్‌లో ఒక మనిషి ఫుల్టన్‌లో సుమారు వందమందితో సమానం!

పల్లెకూ పట్నానికీ మధ్య సమతూకం కోసమే ఈ ఏర్పాటని దాని సమర్థకులు చెప్పేవారు. వినడానికి బాగానే ఉంటుంది. రైతు పేరు చెప్పి చేసే రాజకీయం మనకూ కొత్త కాదు. కానీ ఆ పల్లె ఎవరిదన్నదే ప్రశ్న. పత్తి పండే ఆ కౌంటీలలో కొన్నిచోట్ల నల్లజాతివారే సంఖ్యలో ఎక్కువ. ఓటర్ల జాబితాలో మాత్రం వారు దాదాపు కనిపించరు. పల్లెకు ఇచ్చిన బరువు పల్లెలోని తెల్ల భూస్వామి చేతికి వెళ్లింది. అట్లాంటాలో అప్పుడప్పుడే ఓటర్లుగా నమోదవుతున్న నల్లవారి ఓటు మాత్రం ఆరు యూనిట్ల కొలపాత్రలో ఇమిడిపోవాలి.

వారు నమోదైన తీరు కూడా చెప్పుకోదగ్గది. డెమొక్రటిక్ ప్రైమరీ తెల్లవారికే పరిమితమని పార్టీ ఒక నియమం పెట్టుకుంది. పార్టీ అనేది ప్రైవేటు సంఘం, ఎవరిని రానివ్వాలో మా ఇష్టం అన్నది వారి వాదన. మన దగ్గర గుడి గురించీ బావి గురించీ ఇదే మాట విన్నాం. 1944 జూలై 4న కొలంబస్ పట్టణంలో ప్రైమస్ కింగ్ అనే మంగలి, చర్చి ప్రబోధకుడు కూడా, ఓటు వేయడానికి కోర్టు భవనానికి వెళ్లాడు. గెంటేశారు. ఆయన దావా వేశాడు. 1946 వసంతానికల్లా ఆ కేసు గెలిచి, తెల్లవారి ప్రైమరీ చెల్లదని తేలిపోయింది. అప్పటి గవర్నర్ ఎల్లిస్ ఆర్నాల్ ఆ తీర్పును తప్పించుకునే చట్టం చేయడానికి నిరాకరించాడు. కొద్ది నెలల్లోనే లక్షమందికి పైగా నల్లజాతీయులు ఓటర్లయ్యారు. తెల్లవారి ప్రైమరీని తిరిగి తెస్తానన్నదే టాల్మడ్జ్ ప్రచారానికి ఊపిరి. కార్మైకేల్ నల్లజాతి ఉద్ధారకుడేమీ కాడు, వేర్పాటు వ్యవస్థను ఆయనా కాదనలేదు. ఇద్దరిలో తక్కువ కీడు చేసేవాడికి ఓటు వేయడం అణగారినవారికి ఎక్కడైనా తప్పని లెక్కే.

జాబితాలోకి వచ్చినవారిని జాబితాలో ఉండనిచ్చారా అంటే అదీ లేదు. టాల్మడ్జ్ మనుషులు అచ్చు వేయించిన ఫారాలు కౌంటీలకు పంపారు. ఫలానా ఓటరుకు అర్హత లేదని ఎవరైనా సంతకం చేసి ఇస్తే, ఆ ఓటరు వచ్చి నిరూపించుకోవాలి. వేలమంది పేర్లు అలా కొట్టివేతకు గురయ్యాయి. మిగిలినవారు పోలింగ్ కేంద్రానికి నడవాలి.

మేసియో స్నైప్స్ అలా నడిచినవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ రంగంలో పనిచేసి వచ్చిన సైనికుడు, టేలర్ కౌంటీలో సేద్యం చేసుకునేవాడు. తన ప్రాంతంలో ఆ రోజు ఓటు వేసిన నల్లవాడు ఆయన ఒక్కడే. మరునాడు తెల్లవారు కొందరు ఇంటికి వచ్చి, బయటకు పిలిచి కాల్చారు. రెండు రోజులకు ఆయన ప్రాణం పోయింది. ఎవరికీ శిక్ష పడలేదు. అదే నెల 25న మూర్స్ ఫోర్డ్ వంతెన దగ్గర రెండు జంటలను, మాల్కమ్ దంపతులనూ డోర్సీ దంపతులనూ, ఒక గుంపు కాల్చి చంపింది. జార్జ్ డోర్సీ కూడా యుద్ధం నుంచి తిరిగివచ్చినవాడే. అక్కడా శిక్షలు లేవు. అట్లాంటాలోని మోర్‌హౌస్ కళాశాలలో చదువుతున్న పదిహేడేళ్ల కుర్రవాడొకడు ఆగస్టులో స్థానిక పత్రికకు ఉత్తరం రాసి, తన జాతికి కావలసింది మౌలికమైన హక్కులూ సమానావకాశాలేనని వాదించాడు. అతని పేరు మార్టిన్ లూథర్ కింగ్.

స్నైప్స్ గురించి చదివినప్పుడల్లా నాకు మా నాయనమ్మ గుర్తొస్తుంది. మా ఊళ్లో పోలింగ్ కేంద్రం ఊరి నడిబొడ్డున ఉన్న బడిలో ఉండేది. మా వాడ నుంచి అక్కడికి పోవాలంటే పెద్దవీధి దాటాలి. ఆమె చెప్పులు చేతబట్టుకుని ఆ వీధి దాటేది. అరుగుల మీద కూర్చున్నవారు ‘ఏమే, దేనికి గుద్దుతున్నావ్?’ అని అడిగేవారు. ‘మీరు చెప్పిన గుర్తుకే అయ్యగారూ’ అనేది. నిజంగా దేనికి గుద్దిందో చనిపోయేదాకా మాకు కూడా చెప్పలేదు. రహస్య బ్యాలెట్ అంటే ఏమిటో ఆ తరువాత నేను రాజనీతిశాస్త్రం పుస్తకాల్లో చదువుకున్నాను గానీ, ఆమె కంటే బాగా దాన్ని వాడుకున్నవారిని చూడలేదు.

జార్జియాలో ఇది జరుగుతున్న 1946 జూలైలోనే అంబేడ్కర్ నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్‌కు ఒక ఉత్తరం రాశారు. అమెరికా నల్లజాతీయులు ఐక్యరాజ్యసమితికి సమర్పించిన విన్నపం ప్రతులు పంపమని కోరారు. తమ ప్రజల స్థితికీ వారి స్థితికీ ఉన్న పోలికను ప్రస్తావించారు. జూలై 31న డుబోయిస్ జవాబిచ్చారు. ఆ ఉత్తరం వెనుక ఉన్న గాయం ఏమిటో మనం తరచు మరచిపోతాం. ఆ ఏడాది మొదట్లో జరిగిన ప్రాంతీయ శాసనసభల ఎన్నికల్లో అంబేడ్కర్ పార్టీ అయిన షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. 1932 పూనా ఒడంబడిక ప్రకారం రిజర్వుడు స్థానాల్లో మొదట షెడ్యూల్డ్ కులాల ఓటర్లు మాత్రమే ఓటు వేసి నలుగురి ప్యానెల్‌ను ఎంపిక చేస్తారు. దానికి కూడా ప్రైమరీ అనే పేరు. ఆ నలుగురిలో ఎవరు సభ్యుడు కావాలో మాత్రం కులాలన్నీ కలిసిన సాధారణ నియోజకవర్గం తేలుస్తుంది. మొదటి విడతలో తమ జనం ముందు నిలబెట్టినవారు రెండో విడతలో ఓడిపోయారని ఆ ఫలితాలను చూపించి అంబేడ్కర్ వాదించారు. సొంత రాష్ట్రం బొంబాయి నుంచి ఆయనను రాజ్యాంగ సభకు పంపేవారే కరువయ్యారు. జోగేంద్రనాథ్ మండల్ తోడ్పాటుతో బెంగాల్ నుంచి వెళ్లవలసివచ్చింది.

రెండు ప్రైమరీలూ ఒకటే అనడం లేదు. జార్జియాలో ఓటు బరువు తగ్గించారు. ఇక్కడ ఓటుకు పైన మరొకరి ఓటును కూర్చోబెట్టారు. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో ఒక మనిషికి ఒక ఓటు, ఒక ఓటుకు ఒకే విలువ అని రెండు ముక్కలుగా విడదీసి అంబేడ్కర్ ఎందుకు చెప్పారో ఈ నేపథ్యంలో చూస్తేనే నాకు అర్థమవుతుంది. మొదటి ముక్క రాకుండా రెండోది రాదు. మొదటిది వచ్చినంత మాత్రాన రెండోది వచ్చినట్టు కాదు.

టాల్మడ్జ్ ఆ గెలుపును అనుభవించలేదు. పదవి చేపట్టకముందే డిసెంబర్ 21న చనిపోయాడు. తరువాతి భాగం ప్రహసనం. ఆయన కొడుకు హెర్మన్‌కు కొందరు ఓటర్లు బ్యాలెట్‌పై పేరు రాసి ఓటు వేశారన్న ఆధారంతో శాసనసభ అతన్నే గవర్నర్‌గా ఎన్నుకుంది. ఆర్నాల్ దిగనన్నాడు, లెఫ్టినెంట్ గవర్నర్ థాంప్సన్ పదవి నాదన్నాడు. రాష్ట్రానికి ఒకేసారి ముగ్గురు గవర్నర్లు! హెర్మన్‌కు మొదట చాలని ఓట్లు టెల్ఫెయిర్ అనే సొంత కౌంటీ నుంచి ఆలస్యంగా దొరికాయి. వాటిలో చచ్చినవారి ఓట్లున్నాయనీ, కొందరు ఓటర్లు అక్షరక్రమంలో వరుసగా వచ్చి ఓటు వేసినట్టు జాబితా ఉందనీ అట్లాంటా జర్నల్ విలేకరి ఒకరు బయటపెట్టి పులిట్జర్ బహుమతి పొందారు. ఆ కౌంటీలో చనిపోయిన తెల్లవాడికి ఓటు ఉంది. పక్క కౌంటీలో ఓటు వేసిన నల్లవాడు బతికిలేడు అనాలనిపిస్తుంది గానీ, టేలర్ టెల్ఫెయిర్‌కు పక్కనే లేదు, కొంచెం దూరం.

యూనిట్ల పద్ధతి 1963 మార్చి 18న పోయింది. గ్రే వర్సెస్ శాండర్స్ కేసులో జస్టిస్ డగ్లస్ రాసిన తీర్పు ‘ఒక మనిషి, ఒక ఓటు’ అనే సూత్రాన్ని అమెరికా రాజ్యాంగ చరిత్రలోకి తెచ్చింది. 1950లో ఇదే పద్ధతిపై జోక్యం చేసుకోబోమన్న కోర్టే ఇది. అయితే జార్జియా రాజ్యాంగంలో ఇంకో మెలిక మిగిలి ఉంది. ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే గవర్నర్‌ను శాసనసభ ఎన్నుకుంటుంది. 1966లో రిపబ్లికన్ అభ్యర్థి బో కాల్వేకు సుమారు మూడు వేల ఓట్లు ఎక్కువ వచ్చాయి. శాసనసభ లెస్టర్ మాడక్స్‌ను గవర్నర్‌ను చేసింది. తన హోటల్‌లోకి అడుగుపెట్టబోయిన నల్లవారిని తరిమివేసి పేరు తెచ్చుకున్నవాడు మాడక్స్. ఇరవై ఏళ్లలో రెండుసార్లు, ఎక్కువ ఓట్లు వచ్చినవాడు ఓడిపోయాడు.

2018 గవర్నర్ ఎన్నిక నాటికి ఈ పద్ధతులేవీ లేవు. నల్లజాతి మహిళ స్టేసీ ఏబ్రమ్స్‌పై బ్రయాన్ కెంప్ 54,723 ఓట్ల తేడాతో గెలిచారు. ఎన్నికలను పర్యవేక్షించే రాష్ట్ర కార్యదర్శి పదవిలో ఉంటూనే కెంప్ పోటీ చేశారు. ఫలితాల తరువాత గానీ ఆ పదవికి రాజీనామా చేయలేదు. రికార్డుల్లోని పేరుతో అక్షరం పొల్లుపోకుండా సరిపోలలేదంటూ పెండింగ్‌లో పెట్టిన నమోదులు సుమారు 53,000. అందులో దాదాపు 70 శాతం నల్లజాతీయులవని అసోసియేటెడ్ ప్రెస్ విశ్లేషించింది. వీరు గుర్తింపు కార్డు చూపి ఓటు వేయవచ్చన్నది నిజం. ఏబ్రమ్స్ పక్షం వేసిన దావాను 2022లో ఫెడరల్ న్యాయమూర్తి తోసిపుచ్చారన్నది కూడా నిజం. అదే ఏడాది కెంప్ ఆమెను మరింత పెద్ద తేడాతో ఓడించారు. కనుక 2018ని 1946తో సమానం చేయడం తప్పు. కానీ పోటీదారే అంపైరుగా ఉన్న ఆటలో, ఓడినవారు స్కోరును నమ్మలేదని నిందించడం అంతకంటే పెద్ద తప్పు.

మనవైపు చూద్దాం. తమిళనాడులో 1996లో మేలవలవు పంచాయతీ అధ్యక్ష పదవిని ఎస్సీలకు రిజర్వు చేశారు. గెలిచిన మురుగేశన్‌ను 1997 జూన్ 30న మరో ఐదుగురితోపాటు నరికి చంపారు. పాప్పాపట్టి, కీరిపట్టి, నాట్టార్‌మంగళం పంచాయతీలలో ఆధిపత్య కులం పట్టుదల వల్ల పదేళ్లపాటు, 2006 దాకా, ఎన్నిక సక్రమంగా జరగలేదు. నామినేషన్ వేసేవారు ఉండరు, లేదా గెలిచినవారు ప్రమాణం చేసిన వెంటనే రాజీనామా చేస్తారు. ఆ గ్రామాల్లో కొట్లాట లేదు, కాగితం మీద అంతా ప్రశాంతం.

మన తెలుగు రాష్ట్రాలలో ఈ ప్రశాంతతకు ‘ఏకగ్రీవం’ అని పేరు. పోటీ లేకుండా సర్పంచిని ఎన్నుకున్న పంచాయతీలకు మన ప్రభుత్వాలే నగదు ప్రోత్సాహకాలు ప్రకటించాయి. ఊరు కలిసికట్టుగా ఉండటం మంచిదే. కానీ రచ్చబండ దగ్గర ఎవరు కూర్చుని, ఎవరు నిలబడి ఈ ఒప్పందాలు కుదురుతాయో తెలిసినవారికి ఆ మాట అంత హాయిగా వినిపించదు. రిజర్వుడు స్థానంలో ఎవరు నిలబడాలో అన్‌రిజర్వుడు మనుషులు తేల్చితే, అది పూనా ప్యానెల్ కంటే దిగదుడుపు; అక్కడ కనీసం మొదటి విడత ఓటైనా మనదిగా ఉండేది.

ప్రోత్సాహకం ఇచ్చేముందు రాష్ట్ర ఎన్నికల సంఘాలు ఒక్క పని చేయాలని అడుగుతున్నాను. ఏకగ్రీవమైన ప్రతి రిజర్వుడు స్థానంలో ఎందరు నామినేషన్ వేశారు, ఎందరు ఉపసంహరించుకున్నారు, ఏ గడువులో ఉపసంహరించుకున్నారు అన్న వివరాలను పంచాయతీ వారీగా ప్రచురించాలి. నామినేషన్ పత్రాలు అధికారుల దగ్గరే ఉంటాయి. కొత్తగా సేకరించవలసిందేమీ లేదు.