శిఖరమునకు హారతి, సోపానమునకు మఱపు

రాజోలు సీమలో కొండ లేదు, గుట్టయైనను లేదు. ఒకవంక వసిష్ఠ, మఱియొకవంక వైనతేయ, దక్షిణమున సముద్రము. నడుమ వరిచేలు, కాలువలు, కొబ్బరితోటలు. ఎత్తునకు ఎక్కవలెనన్న మనకు కొబ్బరిచెట్టే గతి. ఇట్టి పల్లపునేలవారమైన మనము హిమాలయారోహణమునందు చూపుచున్న యుత్సాహము ముచ్చటగొలుపుచున్నది. తెలుగుబిడ్డ యొకడు ఎవరెస్టునకు బయలుదేరెనని వినుటయే తడవు, ఇంటింట సెల్‌ఫోను తెరలు వెలుగును. నేడు ఏ శిబిరమున నున్నాడు, రేపు ఎంత దూరము సాగును, అక్కడ గాలి యెట్లున్నది అని అరుగుమీది వృద్ధులు మొదలు వంటయింటి యిల్లాండ్ర వఱకు అందఱును విచారించుచుందురు. శిఖరముపై జెండా పట్టిన చిత్రము వచ్చినంతనే "మనము గెలిచితిమి" అందురు. తిరిగివచ్చిన వారికి ఊరేగింపు, శాలువా, పూలదండలు.

ఈ యభిమానము తప్పని నేను చెప్పను. అది సగము చూచి సగము చూడని యభిమానమని మాత్రము చెప్పక తప్పదు. మనము శిఖరమునకు హారతి పట్టుచున్నాము. శిఖరమునకు చేర్చిన మెట్లను మఱచుచున్నాము.

ఎక్కించు పని యెట్లు జరుగునో మొదట తెలిసికొందము. నేటి యారోహణములలో పెక్కు, యాత్రాసంస్థలకు రుసుము చెల్లించి, మార్గదర్శకులను వెంటబెట్టుకొని చేయునవి. నేపాళమువైపు దారిలో ఖుంబు అను చోట మంచు, జలపాతమువలె గడ్డలు గడ్డలుగా విఱిగి నిరంతరము కదలుచుండును. ప్రతి సంవత్సరము షెర్పాలు ముందుగా అచ్చటికి పోయి, అగాధములపై నిచ్చెనలు వేసి, త్రాళ్లు బిగింతురు. పిమ్మట గుడారములు, వంటసామాను, ప్రాణవాయువు సిలిండర్లు వీపున మోసి పై శిబిరములకు చేర్తురు. యాత్రికుడు ఆ త్రాటికి తన నడుము తగిలించుకొని యెక్కును. అతడు ఆ యపాయపు చోటును దాటు పర్యాయములకంటె బరువు మోయువాడు దాటు పర్యాయములు అధికము. యాత్రికుని కష్టము చిన్నదని కాదు. 8,848 మీటర్ల యెత్తునకు ఎవరి కాళ్లతో వారే యడుగు వేయవలెను. అయినను ఆ యడుగునకు ఆధారమైన త్రాడు మఱియొకడు కట్టినది.

2014వ సంవత్సరమును స్మరింపుడు. ఆ మే 25వ తేదీన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ అను ఇరువురు విద్యార్థులు టిబెట్టువైపునుండి ఎవరెస్టు నెక్కిరి. పూర్ణకు అప్పటికి 14 ఏండ్లు నిండలేదు. ఆ దినమున తెలుగువారి యిండ్లలో కలిగిన సంతోషము నేటికిని చాలమందికి జ్ఞాపకమున్నది. కాని అంతకు 37 దినములు ముందు, ఏప్రిలు 18 ఉదయమున, అదే పర్వతముయొక్క మఱియొకవైపున, ఖుంబులో మంచుచరియ విఱిగిపడి 16 మంది నేపాళీ కార్మికులు మరణించిరి. యాత్రికులకై మార్గము సిద్ధపఱచు పనిలో నుండగా వారికి మృత్యువు సంభవించెను. వారిలో ముగ్గురి దేహములు దొరకనే లేదు. ప్రభుత్వము మొదట ఒక్కొక్క కుటుంబమునకు 40,000 నేపాళీ రూపాయలు ప్రకటించెను. కార్మికులు ఆగ్రహించి పని మానిరి. ఆ యేటికి ఆ వైపు ఆరోహణము దాదాపుగా నిలిచిపోయెను. మన యిండ్లలో మే 25 నెఱిగినవారు ఎందఱు? ఏప్రిలు 18 నెఱిగినవారు ఎందఱు?

పూర్ణ కీర్తిని తగ్గించుటకు ఈ మాట చెప్పుటలేదు. ఆమె కీర్తినైనను మనము సరిగా గ్రహింపలేదనియే నా వాదము. ఆమె నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమున వ్యవసాయకూలీల యింట పుట్టిన గిరిజన బాలిక. ఆమెను కొండకు చేర్చినది సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాల. ఆ సంస్థకు నాడు కార్యదర్శియైన ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ పూనిక, శిక్షకుడు శేఖర్ బాబు శ్రమ, భువనగిరి బండమీదను, డార్జిలింగులోను, లడాఖులోను జరిగిన సాధన, వెంట నడచిన షెర్పాల తోడు, బిడ్డను పంపుటకు ఒప్పుకొన్న తల్లిదండ్రుల గుండెదిటవు. ఇవి యన్నియు ఆమె యెక్కిన మెట్లు. 2022 జూనులో ఆమె డెనాలి నెక్కి, ఏడు ఖండముల యేడు శిఖరములను ముగించినప్పుడును మనము చప్పట్లు కొట్టితిమి. అట్టి గురుకులము మన తాలూకాలో నున్నచో, అందు బాలికలకు అన్నము సరిగా పెట్టుచున్నారా, స్నానపు గదులున్నవా, ఆటస్థలమున్నదా అని యెన్నడైన పోయి చూచితిమా? చప్పట్లు సులభములు. మెట్టు కట్టుట కష్టము.

కొందఱు నాతో నిట్లందురు: "షెర్పాలకు కూలి ముట్టుచున్నది గదా, వారు ఇష్టపడి వచ్చినవారే గదా!" కూలి బరువునకు వెల, ప్రాణమునకు వెల కాదు. 2025 సెప్టెంబరునుండి నేపాళము విదేశీయునికి వసంతకాలమున ఎవరెస్టు అనుమతిపత్రమునకే 15,000 డాలర్లు తీసికొనుచున్నది. ఎక్కువాని అనుమతికి అంత వెల కట్టిన లోకము, ఎక్కించి చచ్చినవానికి మొదట 40,000 రూపాయలు చూపెను. బీమా మొత్తము పెంచుటకు పనివారు పని మానవలసివచ్చెను. మఱికొందఱు "ఇట్టి మాటలు యువకుల యుత్సాహమును చల్లార్చును" అందురు. సత్యము విన్నంతనే చల్లారునది ఉత్సాహము కాదు, మత్తు. త్రాడు కట్టినవాని పేరు చెప్పి ఎక్కిన యువకుని కీర్తి తఱుగదు, పెరుగును.

ఈ మఱపు మనకు క్రొత్త కాదు. 1847 మొదలు 1852 వఱకు ధవళేశ్వరమున ఆనకట్ట కట్టిరి. దానివలన మన సీమ పచ్చబడినది. వైనతేయను దాటించి ఈ లంకభూములకు కాలువనీరు తెచ్చినది గన్నవరపు అక్విడక్టు. కాటన్ దొర విగ్రహములకు మనము పూలదండలు వేయుచున్నాము, వేయవలసినదే. ఆ రాళ్లు మోసిన వేలమంది కూలీల కొఱకు ఏ యూర నొక శిలాఫలకమున్నది? వారిలో మన ముత్తాతలును ఉండవచ్చును. మన యింటివారి చెమటనే మఱచినవారము, షెర్పాల చెమటను స్మరింతుమా?

ఇక నా సంగతియే చెప్పెదను. నాకు కొంత కొబ్బరితోట కలదు. కొన్నియేండ్ల క్రిందట, వాన వెలిసిన మఱునాడు, దింపునకు వచ్చిన పనివాడు తడిసిన మ్రానిపై కాలు జాఱి పడెను, నడుము విఱిగెను. ఆసుపత్రికి పంపితిని, కొంత రొక్కమిచ్చితిని, ధర్మము తీఱినదనుకొంటిని. తరువాతి దింపునకు మఱియొకడు వచ్చెను. పడినవాని కుమారుడు బడి మాని ఒలుపు పనికి పోవుచున్నాడని నాకు తెలిసినది సంవత్సరము గడచిన పిదప. ఆ సంవత్సరముననే నేను ఒక పర్వతారోహకుని యాత్రకు చందా యిచ్చి, ప్రతిరాత్రియు అతని జాడ సెల్‌ఫోనులో చూచి గాని నిద్రపోలేదు. వందల క్రోసుల దూరమున నొకడు వేసిన ప్రతి యడుగును లెక్కించితిని. నా తోటలో ఎక్కి పడినవాడు ఎట్లున్నాడో అడుగనైతిని.

"దింపు పని జీవనము, ఆరోహణము సాహసము; రెంటికి పోలిక యేమి?" అని యడుగవచ్చును. పొట్టకై చేసినంత మాత్రమున సాహసము సాహసము కాకపోవునా? ఒకడు జీవితమున నొక్కసారి ఎక్కును, లోకమంతయు చూచును. ఒకడు దినమునకు పదులకొలది చెట్లు ఎక్కును; వాని భార్య తప్ప వాని రాకకై యెదురుచూచువారు లేరు.

కావున, ఇంటనుండి యాత్రలను అనుసరించు సోదరీసోదరులకు నా మనవి యిది. ఆరోహణమునకు చందా అడుగవచ్చినవారిని, బరువులు మోయువారికి ఎంత బీమా చేసితిరని యడుగుడు. బదులు రానిచో చందా ఇయ్యకుడు. సన్మానసభలో దండ వేయుటకు ముందు, వెంట నడచిన షెర్పాల పేర్లు చదివింపుడు. యాత్రికునికి ఆ పేర్లు తెలియకున్నచో అదియును సభ యెఱుగవలెను. అంతకంటె ముందు మీ తోట చూచుకొనుడు. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనక్రింద సంవత్సరమునకు 20 రూపాయలు కట్టినచో, ప్రమాదమున మరణించినవాని కుటుంబమునకు 2 లక్షల రూపాయలు వచ్చును. ఇరువది రూపాయలనగా ఒక్క కొబ్బరిబొండము వెల. దింపువానికి బ్యాంకు ఖాతా తెఱిపించి ఆ సొమ్ము కట్టుట తోటగల ప్రతివాని విధి. చెట్టు తడిసియున్న దినమున దింపు వలదని చెప్పుట అంతకన్న ముఖ్యమైన విధి. దానికి ఒక కాసైనను ఖర్చు కాదు.

నేను ఈ రెండును ఆలస్యముగా నేర్చుకొంటిని. నేర్చుకొనునప్పటికి ఒక పిల్లవాని చదువు పోయినది. మీరు అంత వెల చెల్లింపక మునుపే నేర్చుకొందురుగాక.