ఎవరి యప్పు? ఎవరి పన్ను?

చీరాల పౌరులకుఁ బన్నుపోరు క్రొత్తది కాదు. 1919 ప్రాంతమున నాఁటి మద్రాసు ప్రభుత్వము చీరాల పేరాలలను జతపఱచి పురపాలక సంఘముగ నొనర్పఁ బూనెను. యూనియనుగ నున్ననాఁడు ఏటికి సుమారు 4,000 రూపాయలుండిన పన్ను దాదాపు 40,000 రూపాయల కెగఁబ్రాఁకెను. నేఁతపనివారు, చిన్నరైతులు పాలకుల దయను యాచింపలేదు. "మేము వలదన్న సంఘమును మా నెత్తిన రుద్దు నధికారము మీకెవ్వ రిచ్చిరి?" యని యొక్క ప్రశ్న మాత్రము వేసిరి. ప్రత్యుత్తరము రాకపోవుటచే 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున వేలకొలఁది జనులు ఇల్లు వాకిలి విడిచి, ఊరి వెలుపల రామనగరమునఁ బాకలు వేసికొని, పదునొకండు మాసములు ఎండకు వానకు నోర్చిరి.

నూఱేండ్లు గడచినవి. పరప్రభుత్వము తొలఁగినది. 1993లో అమలునకు వచ్చిన 74వ రాజ్యాంగ సవరణము పురసభలకు రాజ్యాంగస్థానము నొసఁగినది. సభ గడువు తీరకమున్నే ఎన్నిక ముగింపవలెనని 243-యు అధికరణము విస్పష్టముగ శాసించుచున్నది. ఇంత రక్షణ యుండియు నాఁటి ప్రశ్న మరల మన గుమ్మమున నిలిచినది. అది యెట్లో పాఠకులు చిత్తగింతురు గాక!

2020 మే మాసమున, కరోనా విపత్తులో ఖజానాలు వట్టిపోయిన వేళ, కేంద్రప్రభుత్వము రాష్ట్రములకు అదనపు టప్పుల కనుమతి నొసఁగుచుఁ గొన్ని షరతులు విధించెను. అందుఁ బట్టణములకుఁ జెందినది యిది: ఇంటిపన్ను కనీసపు రేటును రిజిస్ట్రేషను విలువల కనుగుణముగఁ బ్రకటింపవలెను; నీటికి, మురుగునకుఁ గొను రుసుములను ఖర్చునకుఁ దగినట్లు నిర్ణయింపవలెను; వానిని ఎప్పటికప్పుడు పెంచు నేర్పాటును గావింపవలెను. ఇది నెఱవేర్చిన రాష్ట్రము తన స్థూలోత్పత్తిలో నూటికి 0.25 వంతు అదనముగ అప్పు తెచ్చుకొనవచ్చును. మధ్యప్రదేశము, ఆంధ్రప్రదేశము, తెలంగాణము ముందుగ నెఱవేర్చినవి. మూఁటికిఁ గలిపి 7,406 కోట్ల రూపాయల అప్పున కనుమతి లభించెను. అందు మన రాష్ట్రపు భాగము 2,525 కోట్లు. అనఁగా, రాష్ట్రమునకు అప్పు పుట్టుటకుఁ బట్టణవాసుల ఇంటిపన్ను దారి చూపెను. అప్పు పత్రముపై సంతకము మనది కాదు. పూచీ మాత్రము మనది!

ఇఁక సమయమును గమనింపుఁడు. మన పురసభల గడువు 2019 జూలైలో తీరెను. 2020 మార్చిలో వ్యాధి కారణముగ ఎన్నికలు వాయిదా పడినమాట నిజమే. కాని యప్పటికే యెనిమిది మాసములు ప్రత్యేకాధికారుల యేలుబడిలో గడచెను. 2021 మార్చిలోఁ గాని ఎన్నికలు జరుగలేదు. ఈ శూన్యకాలముననే, 2020 చివర, చట్టమును సవరించి ఇంటిపన్నును అద్దెవిలువ నుండి మూలధన విలువకు మార్చిరి. పన్నుపద్ధతి తలక్రిందైన నాఁడు "ఇదేమి?" యని యడుగుటకుఁ బురసభలో మనవాఁ డొక్కఁడును లేఁడు. శాసనసభయుఁ బ్రజలెన్నుకొన్నదే కదా యని యందురు. శాసించు నధికారమును మేము శంకించుట లేదు. అధికార మున్నంత మాత్రమున నడిగి చేయవలసిన ధర్మము తప్పునా?

అద్దెవిలువకు మూలధన విలువకు నంతరము స్వల్పము కాదు. అద్దె చేతికి వచ్చు సొమ్ము. మూలధన విలువ రిజిస్ట్రేషను కచ్చేరి పుస్తకములోని యంకె. బజారువీథిలో తాతలనాఁటి పెంకుటింట నివసించు వితంతువునకు, నడిమింట గుంటమగ్గము దింపుకొని బ్రదుకు నేఁతగానికి, ప్రక్కస్థలము ధర పెరిగినంత మాత్రమున నొక్క ముద్దయైన నధికముగ దొరకునా? ఇల్లమ్మిన నాఁడు గదా యా విలువ కన్నులఁ బడుట! నివాసగృహములకు ఆ విలువలో నూటికి 0.10 మొదలు 0.50 వఱకుఁ బన్ను వేయవచ్చునని నిర్ణయించిరి. ఏటి పెంపు నూటికి 15 మించదని యభయ మిచ్చిరి. గుణించి చూడుఁడు! వేయి రూపాయల పన్ను ఏటేట 15 వంతున నైదుమార్లు పెరిగిన 2,011 రూపాయలగును. మగ్గపుకూలి యైదేండ్లలో రెండింతలగునని యభయ మిచ్చు నధికారి యెవఁడైనఁ గలఁడా?

"పన్ను లేక కాలువ లెట్లు పూడికతీయుదురు? దీపము లెట్లు వెలుఁగును?" అని యందురు. న్యాయమే. పన్నే వలదనువాఁడు పౌరుఁడు కాఁడు. చిరకాలము సవరింపని పన్నును సవరించుట తప్పనియు మే మనుట లేదు. మా తగవు పన్నుతోఁ గాదు, చీఁకటితో. 2018లో విశాఖ నగరపాలక సంస్థ బాండ్లు జారీచేసి 80 కోట్లు అప్పు తెచ్చెను. అప్పిచ్చినవారికి వడ్డీ యెంత, గడువెంత, ఆదాయమెంత యని సమస్తము వ్రాసి చూపవలసి వచ్చును. చూపనిదే రూపాయి రాలదు. ఋణదాతకుఁ జూపు లెక్క పన్నుదారునకుఁ జూపుట కేల సంకోచము? అతనిది యైచ్ఛికమైన సొమ్ము. మనది జప్తు నోటీసు వెంటనున్న సొమ్ము. ఎవ్వరి హక్కు పెద్దది?

మొఱపెట్టినను ఫలమేమి యని నిట్టూర్చువారికి ఒక్క నిదర్శనము చాలును. 2021లోఁ బుట్టిన చెత్తరుసుము 2024లో రద్దయ్యెను. వీథివీథినఁ బుట్టిన యసమ్మతి యెంతవారినైనఁ గదల్చును. పన్ను విధించినది యొక పక్షమైన రద్దుచేసినది వేఱొకపక్షము. కాన మన నమ్మకమును ఏ పక్షపు జెండాకును గట్టిపెట్టరాదు.

మనము కోరవలసినవి మూఁడు. ఎన్నిక గడువులోపల జరుగవలెను. ప్రత్యేకాధికారి పాలన మొక్క దినమైనఁ గూడదు. పురసభ జమాఖర్చులను ఏటేట వార్డువారీగఁ దెలుఁగున వ్రాసి ప్రతి పఠనమందిరమునందును గట్టవలెను. పట్టణము పేరనో, పట్టణపుఁ బన్ను నాధారము చేసికొనియో తెచ్చు ప్రతి యప్పునకు మొత్తము, వడ్డీ, తీర్చు గడువు, మన వంతు ముందుగఁ బ్రకటింపవలెను. వార్డునకు నలుగురు విద్యావంతులు పూనుకొని 2005 నాఁటి సమాచారహక్కు చట్టముక్రింద దరఖాస్తులు పెట్టిన, ఇందులో సగము ఈ యేడే సాధింపవచ్చును.

ప్రశ్న వేయుటకై నాఁడు మన పెద్దలు ఊరు విడిచిపోవలసి వచ్చెను. నేఁడు మన మూరు విడువ నక్కఱలేదు. పురసభ మెట్లెక్కి లోపలికిఁ బోయి లెక్క యడిగినఁ జాలును. వారు పాకలలోఁ గడపిన పదునొకండు మాసముల ఋణము మనపై నున్నది. తీర్పవలసిన మొదటి యప్పు అది.