మంచినీళ్లు పైకి, మురుగు మన దిక్కు

మా వేములపల్లి కాడ సాగర్ ఎడమ కాల్వ పారుతది. ఆ కాల్వ గట్టు మీద నిలబెట్టి ఓ రోజు బడిపిల్లల్ని అడిగినం: "హైదరాబాదోళ్లు ఏ నీళ్లు తాగుతరు?" ఒక్కరూ చెప్పలేదు. పిల్లల తప్పు కాదు. పుస్తకంలో ఆ పాఠం లేదు.

సాగర్ నీళ్లను పుట్టంగండి కాడ ఎత్తిపోసి, అక్కంపల్లి రిజర్వాయరు నింపి, కోదండాపురంలో శుద్ధి చేసి నగరానికి పంపుతున్నారు. 2004లో ఒక దశ, 2008లో రెండోది, 2015లో మూడోది. మూడూ కలిపి రోజుకు 27 కోట్ల గాలన్లు. ఫ్లోరైడు నీళ్లు తాగి ఎముకలు వంకరపోయిన జిల్లా మీదుగానే ఆ పైపులు పోయినయ్. వాడుకున్నంక ఆ నీళ్లు ఎటు పోతయ్? మురుగై మూసీలో దిగి, పోచంపల్లి, వలిగొండ దాటి, కేతేపల్లి కాడ మూసీ ప్రాజెక్టులో ఆగి, ఆడినించి వాడపల్లి దగ్గర మళ్లీ కృష్ణలోనే కలుస్తయ్. ఊరికొక బావి, వాడకొక బావి చూసినోళ్లం మనం. నదిని కూడా అట్లనే చేసిండ్రు.

మూసీకి ప్లాన్లు కొత్త కాదు. 1908 సెప్టెంబరు వరద తర్వాత వచ్చిన విశ్వేశ్వరయ్య వరదను ఆపే జలాశయాలతో పాటు నగరానికి మురుగు కాల్వల పథకం కూడా గీసిండు. చాలా ఏండ్లకు జాతీయ నదీ పరిరక్షణ పథకం కింద అంబర్‌పేటలో రోజుకు 339 ఎంఎల్‌డీ ప్లాంటు, నాగోలులో 172, అత్తాపూర్‌లో 51, నల్లచెరువు కాడ 30 కట్టిండ్రు. ఒక ఎంఎల్‌డీ అంటే రోజుకు పది లక్షల లీటర్లు. లెక్కకు పెద్దగనే ఉన్నది. కానీ 2021 నాటికి నగరంలో రోజూ పుట్టే మురుగు 1,650 ఎంఎల్‌డీ, అన్ని ప్లాంట్లూ కలిపి శుద్ధి చేయగలిగేది 772. సగానికి పైగా ఉన్నదున్నట్టు కిందికి వదిలిండ్రు. ఇది మేం చెప్పే లెక్క కాదు, సర్కారు లెక్క. ఆ ఏడు సెప్టెంబరులోనే మరో 31 ప్లాంట్లకు 3,866 కోట్లు మంజూరు చేసిండ్రు. 2023లో కోకాపేట ప్లాంటుతో అవి ఒక్కొక్కటే మొదలైనయ్. మంచిదే. కాదనం.

అయితే ప్లాంటు అంటే ఏంది? చెత్తను జల్లెడ పట్టి, ఇసుకను అడుక్కు దించి, మిగిలిన మలినాన్ని సూక్ష్మజీవులకు మేతగా వేయటం. అవి మనుషుల మురుగును తింటయ్ గానీ మందుల కంపెనీల రసాయనాలను తినవు. ఉప్పు అసలే తినవు. పటాన్‌చెరు పరిశ్రమల వ్యర్థ జలాలను 18 కిలోమీటర్ల పైపులైను వేసి అంబర్‌పేటకు పోయే మురుగులో కలిపిన పెద్దలకు ఈ సంగతి తెలవదా? పటాన్‌చెరు గోస తీరుస్తమని దాన్ని మన నెత్తికి ఎత్తిండ్రు. ప్లాంటును ఎంత పెంచినా ఈ కలపటం ఆగకపోతే మనకు ఒరిగేది సగమే.

మూసీ ఆయకట్టు కింద నాట్లకు ఆటోలల్ల పోయే మన ఆడోళ్ల కాళ్లు చూడండి. వేళ్ల సందుల పుండ్లు, పిక్కల దాకా దురద. భూమి ఉన్నాయన ఒడ్డు మీద ఉంటడు. నీళ్లల్ల దిగేది ఎవరో చెప్పనక్కర లేదు.

"ఆ మురుగుతోనే రెండో పంట పండుతున్నది గదా, ఆపితే ఎట్ల?" అని అడిగే రైతులున్నారు. వాళ్ల భయం అబద్ధం కాదు. మేం నీళ్లు ఆపమంటలేం, బాగు చేసి వదలమంటున్నం. అసలు భయపడవలసింది ఇంకొకటున్నది. శుద్ధి చేసిన నీళ్లకు రేపు ధర వస్తది. మురుగై ఉన్నన్నాళ్లు మన వంతు అన్నోళ్లు, బాగైనంక పరిశ్రమలకు అమ్ముకుంటమంటే? అందుకే ముప్పై ఏండ్ల ప్లాను గీసేటప్పుడే కింది ఊర్ల వాటా కాగితం మీద రాయాలె.

ఇంకో మాట. మురుగు తనంతట తాను ప్లాంటుకు రాదు. లైను జామైతే ఎవరో దిగాలె. దిగేది ఎవరని ఈ పత్రిక చదివేటోళ్లకు చెప్పాల్నా? మాకు చిన్నాయన వరస అయ్యేటాయన ఒకరు కరువు ఏండ్లల్ల నగరానికి పోయి డ్రైనేజీ పనిలో కుదిరిండు. కాంట్రాక్టరు పేరేందో ఆయనకే తెల్వదు. పండుగకు వస్తే ఎన్నిసార్లు సబ్బు రుద్దుకున్నా వాసన పోదనుకొని బంతిలో దూరంగా కూసునేటోడు. మా వాడలోనే, మా వాళ్ల మధ్యనే!

1993లో ఒక చట్టం వచ్చింది, 2013లో ఇంకొకటి వచ్చింది. 2014 మార్చిలో సుప్రీంకోర్టు, మురుగు గుంటల్లో చచ్చిపోయిన వాళ్ల కుటుంబాలకు పది లక్షలు ఇవ్వాలన్నది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. బెజవాడ విల్సన్, ఆయనతో నడిచిన సఫాయి కర్మచారీలు ఏండ్ల తరబడి కొట్లాడితే వచ్చినయివి. హైదరాబాద్ జలమండలి 2017లో 70 చిన్న జెట్టింగు యంత్రాలు దించి, దళిత యువకులకే నడుపుకోనిచ్చింది. మనిషి దిగటం తగ్గితే సంతోషమే. కానీ యంత్రం వచ్చినా ఆ పని మనవాడికే ఎందుకు రాసిపెట్టినట్టు? ప్లాంటు కంట్రోలు గదిలో ఇంజనీరు కుర్చీ కూడా మనవాడికి ఇస్తరా?

2024 నవంబరు 8న ముఖ్యమంత్రి సంగెం కాడ మూసీ వెంట నడిచిండు. నడిచినందుకు తప్పు పట్టం. నది ఒడ్డున ఏం కడుతరన్నది నగరంలో పెద్ద చర్చ. నదిలో ఏం పారుతదన్నది మా చర్చ. ప్లాంటు పని చేసిందా లేదా అన్నది అంబర్‌పేట గేటు కాడ కాదు, కేతేపల్లి తూముల కాడ, వాడపల్లి సంగమం కాడ కొలవాలె. 2019 ఏప్రిల్‌లో హరిత ట్రిబ్యునల్ పెద్ద నగరాల ప్లాంట్లు వదిలే నీళ్లల్ల బీఓడీ లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటొద్దన్నది. బీఓడీ అంటే నీళ్లల్ల మిగిలిన మురుగును కొలిచే లెక్క. ఆ లెక్క నెలనెలా తెలుగులో రాసి పంచాయతీ గోడకు అంటించాలె.

సంఘాలోళ్లు ఊరికొక సమాచార హక్కు దరఖాస్తు జలమండలికి వేయండి. పది రూపాయల పని. నాలుగు సంగతులు అడగండి: ఒక్కో ప్లాంటుకు పోయిన ఏడాది ఎంత మురుగు వచ్చింది, ఎంత శుద్ధి కాకుండా పోయింది? పటాన్‌చెరు నీళ్లు ఇంకా కలుస్తున్నయా? కాంట్రాక్టు కార్మికులు ఎందరు, వాళ్లల్ల ఎస్సీలు ఎందరు? రాబోయే ప్లానులో నల్లగొండ జిల్లా పేరు ఎన్ని పేజీలల్ల ఉన్నది? జవాబు కాగితాలు వచ్చినంక మా బడికి తెచ్చియ్యండి. పిల్లలతో చదివిస్తం.