కారేది ఒకచోట, కారణం ఇంకోచోట

బండి కింద పెట్రోల్ మరక కనబడంగనే మనోళ్లు అడిగే మొదటి ప్రశ్న: "కొత్త కార్బురేటర్ ఎంతైతది?" ఎక్కడ కారుతుందో చూడకముందే ధర అడుగుతాం. ఇంజనీరింగ్ చదివే మనం కూడా అంతే. నా అభిప్రాయం సూటిగా చెప్తా: లీకును వెతికి పట్టుకోవడం కూడా ఇంజనీరింగే. అది మన సిలబస్‌లో లేదు, ఉండాలి.

మాది నార్కట్‌పల్లి. హైదరాబాద్–విజయవాడ హైవే నుంచి అద్దంకి రోడ్డు చీలేది మా దగ్గరే. రోడ్డు పొంటి మెకానిక్ షెడ్లకు కొదవలేదు. మా చిన్నాయిన పాత స్ప్లెండర్‌కు పాల క్యాన్లు కట్టుకొని తిరుగుతడు. ఆ బండికి కారుడు మొదలైతే ఒక దుకాణంల "మొత్తం మార్చుడే" అన్నరు. ఇంకో షెడ్ల మెకానిక్ మాత్రం "ఆగు అన్నా, ముందుగాల యాడ తడుస్తుందో చూద్దాం" అన్నడు. పాత గుడ్డతో కార్బురేటర్ అంతా తుడిచి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా పెట్రోల్ కాక్ తిప్పి ఊకె చూసుకుంట కూసున్నడు. నేను పక్కనే ఉన్న. ఆ రెండు నిమిషాల చూపే అసలు పని అని నాకనిపించింది.

ఎందుకంటే తడిచే చోటును బట్టి రోగం మారుతది. పైపు దగ్గర తడిస్తే పైపు పగిలిందో, క్లిప్పు వదులైందో చూడాలి. కింది గిన్నె అతుకు దగ్గరైతే ఓ-రింగ్ గట్టిపడి ఉంటది. అడుగున స్క్రూ దగ్గరైతే అది సరిగ్గా బిగిసి ఉండదు. ఇవి మూడూ చిల్లర పనులు. ఓవర్‌ఫ్లో పైపు నుంచి కారితే మాత్రం కథ లోపలుంటది.

లోపలి కథ మన మిద్దె మీది నీళ్ల ట్యాంకు కథే. ట్యాంకులో నీళ్లు పెరిగితే బంతి తేలి వాల్వ్ మూస్తది. కార్బురేటర్ గిన్నెలోనూ అంతే: పెట్రోల్ పెరిగితే ఫ్లోట్ లేచి నీడిల్‌ను దాని రంధ్రంలోకి నొక్కుతుంది. నీడిల్ మూసుకోకపోతే ఎక్కువైన పెట్రోల్ ఓవర్‌ఫ్లో పైపు నుంచి బయటికి పోతది. మూసుకోకపోవడానికి కారణాలు కొన్నే. నీడిల్ కింద చెత్త ఇరుక్కోవడం, నీడిల్ కొన మీద గాడి పడటం, ఫ్లోట్‌కు చిల్లు పడి లోపలికి పెట్రోల్ పోవడం, ఫ్లోట్ ఎత్తు తప్పడం.

పరీక్ష కూడా వరుసలోనే ఉంది. ఇంజన్ చల్లబడినాక, గాలి ఆడే చోట, దగ్గర నిప్పు లేకుండా చేయాలి. ముందు గిన్నెను స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టాలి. చెత్త ఇరుక్కుంటే ఒక్కోసారి దాంతోనే జారిపోతది. ఆగకపోతే కాక్ మూసి, గిన్నెలోని పెట్రోల్‌ను గాజు సీసాలోకి వదలాలి. అడుగున నీళ్లో, తుప్పో కనబడితే అసలు దొంగ ట్యాంకులో ఉన్నాడు. ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపితే లోపల చప్పుడైతే అది చిల్లుపడ్డట్టే. మా చిన్నాయిన బండిలో దొరికింది గాడిపడ్డ నీడిల్. ఖర్చు వందల్లో పోయింది, వేలల్లో కాదు.

ఇందులో డబ్బు సంగతి చిన్నది కాదు. సెకనుకు ఒక చుక్క, 40 చుక్కలు ఒక మిల్లీలీటర్ అనుకుందాం. కాక్ మూయకుండా వదిలేస్తే 10 గంటల రాత్రిలో 36,000 చుక్కలు, అంటే 900 మిల్లీలీటర్లు. పాలు పోసి బతికేటోళ్లకు అది ఒక పూట సంపాదన.

అంతకన్నా పెద్ద సంగతి ఇంకోటి. "కారుతుంది కదా" అని ఓవర్‌ఫ్లో పైపును మడిచి తాడు కట్టిన బండ్లు నేను చూసిన. ఆ పైపు చెడ్డది కాదు, నిజం చెప్పే సాక్షి. దాని నోరు మూస్తే పెట్రోల్ ఇంజన్ వైపు పోతది, ఆయిల్‌లో కలుస్తది. ఆయిల్ పలచబడి ఇంజన్ అరుగుతది. ఆయిల్ పెట్రోల్ వాసన కొడితే ముందు ఆయిల్ మార్చాలి, తర్వాతే కిక్ కొట్టాలి.

"2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చింది, కొత్త బండ్లల్ల ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది, ఇంకా ఈ కార్బురేటర్ గోల ఎందుకు?" అని మా క్లాసులోనే అడిగిన్రు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఊళ్లల్ల పాలకు, పొలానికి తిరిగే బండ్లు ఇంకా పాతవే. పైగా ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తుంది. అది తేమను పీల్చుకుంటది, దాన్ని దృష్టిలో పెట్టుకొని తయారు చేయని పాత రబ్బరు భాగాలను పాడు చేయొచ్చు. అట్లని ప్రతి లీకునూ ఇథనాల్ మీదికి తోసేయడం కూడా చూడకుండా తీర్పు చెప్పడమే.

ఇంజెక్షన్ బండి వచ్చినా ఆలోచించే పద్ధతి మారదు: తుడువు, చూడు, ఒక్కో అనుమానాన్నీ కొట్టేయి, ఆఖరికి విప్పు. మారింది పనిముట్టు. స్క్రూడ్రైవర్ ఉన్న చేతికి ఇప్పుడు స్కానర్ కావాలె, సమాచారం కావాలె. మన దేశంలో రైట్ టు రిపేర్ పోర్టల్ 2022లో మొదలైంది. ఆ హక్కు బండి ఓనరు దగ్గరే ఆగకుండా రోడ్డు పక్క షెడ్డు దాకా రావాలని నా కోరిక.

మనం పరీక్షలో సింపుల్ కార్బురేటర్ బొమ్మ గీస్తాం, వెంచురీ దగ్గర పీడనం తగ్గుతుందని రాస్తాం, మార్కులు పడతాయి. "ఇది కారితే ఏం చేస్తావ్?" అని మాత్రం ఏ ప్రశ్నపత్రమూ అడగదు. అందుకే నా ప్రతిపాదన ఇది. సెమిస్టర్‌కు ఒక మధ్యాహ్నం, ల్యాబులో చెడిపోయిన కార్బురేటర్ ఒకటి, చెప్పడానికి ఒక షెడ్డు మెకానిక్. ఆయనకు గెస్ట్ లెక్చరర్‌కు ఇచ్చినట్టే కుర్చీ, గౌరవ వేతనం ఇవ్వాలి. హెచ్‌ఓడీ సార్‌కు ఇచ్చే దరఖాస్తు రాసిపెట్టిన. సంతకం పెట్టేటోళ్లు కావాలె.