అరువు పూనకము

సత్తెనపల్లి చేలలో మిర్చి కల్లమునకు కాపలా పోయిన చదువరి పిల్లవాడు రాత్రివేళ చెవులలో తీగలు దోపుకొని ఆస్ట్రేలియా దేశపు టేమ్ ఇంపాలా పాటలు వినుచున్నాడు. పెద్దలు దానిని గంజాయిపాట యని యీసడించుచున్నారు. పిల్లలు నవ్యకళ యని నెత్తి కెత్తుకొనుచున్నారు. ఉభయులును పొరబడినారని మా యభిప్రాయము.

ఈ సంగీతమునకు సైకెడెలిక్ అని పేరు. 1950ల దశకమున హంఫ్రీ ఆస్మండ్ అను వైద్యుడు గ్రీకు పదములనుండి కూర్చిన మాట యిది. మనస్సును వెల్లడించునది యని యర్థము. ఆయన యా పేరు పెట్టినది కొన్ని మందులకు; పాటకు అది పిమ్మట నంటుకొన్నది. 1966లో బీటిల్సు లండనులో ‘టుమారో నెవర్ నోస్’ అను పాటను రికార్డు చేసినప్పుడు దాని కాధారముగ నిలిపినది మన తంబురా నాదము. పాట యంతయు నించుమించుగ నొక్క శ్రుతిని పట్టుకొనియే నడచినది. మరుసటి యేడు అమెరికాలోని మాంటెరీ యుత్సవమున రవిశంకర్ సితారు వాయించి జనమును ముగ్ధులను చేసెను. మత్తుమందు సేవించి సంగీతమునకు కూర్చుండువారిని బాహాటముగ నిరసించినవాడును ఆయనయే. నాదము వేరు, మత్తు వేరు. పెద్దలు ఈ రెంటిని విడదీసి చూడరు గనుకనే పిల్లలయెదుట వారి మాట చెల్లుట లేదు. గంజాయిని మేమును నిరసింతుము. దానికి చట్టమున్నది, పోలీసులున్నారు. తంబురాకు శిక్ష యేల?

ఇక పిల్లల మాట. ఇట్టి సంగీతము తెలుగువారి కెన్నడును లేదని వీరు నమ్మినారు! కార్తికమాసమున కారెంపూడికి పోయి పల్నాటి వీరుల యుత్సవము చూచి రండు. అచ్చట వచ్చెడి పూనకము ఏ మాత్ర మింగినందున వచ్చినది? పొన్నెకల్లు నాజరు భుజమున తంబురా, వ్రేలికి అందె ధరించి, ఇరువంకల డక్కీలు మ్రోగుచుండ పల్నాటియుద్ధము చెప్పుచుండగా మన తాతలు నిద్ర మరచి వినిరి. 1986లో ప్రభుత్వ మాయనకు పద్మశ్రీ నిచ్చెను. 1997లో ఆయన గతించెను. బిరుదు నిచ్చి చేతులు దులుపుకొంటిమి.

తురుష్కులు అట్లు చేయలేదు. ఎర్కిన్ కొరాయ్ తమ పల్లెవాద్యమైన బగ్లమాకు విద్యుత్తు తగిలించి వాయించెను. 2016లో ఆమ్‌స్టర్‌డామున నేర్పడిన అల్తిన్ గున్ బృందము ఆ దేశపు జానపదములనే యీ బాణిలో పాడి ఖండాంతరముల మెప్పు పొందెను. మెల్బోర్నునందలి కింగ్ గిజర్డ్ బృందమువారు బగ్లమాను చూచియే సూక్ష్మస్వరములు పలుకు గిటారులు చేయించుకొని 2017లో నొక సంపుటము వెలువరించిరి. సూక్ష్మస్వరములట! గమకములలో పుట్టి పెరిగిన మనకు ఆ వింతను మెల్బోర్నువారు చూపవలసి వచ్చినది.

శివరాత్రికి కోటప్పకొండకు మన యూళ్ల ప్రభలు పోవును. ప్రభలయెదుట గుండె లదరునట్లు పెట్టెలు పెట్టి సినిమాపాటలు మ్రోగించుటకు చందాలు కొదువలేదు. వచ్చు శివరాత్రికి సత్తెనపల్లివా రొక్క ప్రభయెదుట నైన నొక బుర్రకథ దళమును, గిటారు నేర్చిన మన పిల్లలను ఒకే వేదిక నెక్కించి, రాత్రి రెండు జాములు వారికి విడువగలరా? పిల్లలు తంబురా శ్రుతికి గిటారును కలుపుకొందురు గాక. కథకుడు తన కథ చెప్పును. పెట్టెల కగు చందాలో నాలుగవవంతు చాలును.